కోత మిషన్‌కు తాళం

కూలీ లింగయ్య కుడిచేయి మోచేతి దాకా మిషన్ లోపల ఉంది. మొదట అరిచాడు. తర్వాత అరవడం మానేశాడు. అరిచినప్పటి కంటే మానేసినప్పుడే చుట్టూ ఉన్నవాళ్ల గుండెలు జారిపోయాయి.

నిడమనూరు పక్కన సాగర్ కాలువ కింద, సగం కోసిన మడిలో చైను చక్రాల వరికోత మిషన్ నిలిచిపోయి ఉంది. తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. మిగిలిన వరి గాలికి ఒక పక్కకు వాలుతోంది. గట్టు మీద స్కూటీ పడేసి, భుజాన లాప్‌టాప్ సంచితో స్రవంతి బురదలో పరుగెత్తుకుంటూ వచ్చింది. మిర్యాలగూడలో ఆ మిషన్లు అమ్మే షోరూంలో ఆమె సర్వీసు ఇంజనీరు. పక్క ఊళ్లో ఇంకో మిషన్ చూడడానికి వచ్చి, ఫోన్ రాగానే ఇటు తిరిగింది. ఫోన్ చేసింది గేమ్యా, ఆ మిషన్ ఓనరూ డ్రైవరూ అతనే. ఆమె తల్లికి సొంత తమ్ముడు.

"ఏమైంది మామా?"

"గడ్డి ఇరికిందే. ఇంజన్ బంద్ చేసినంకనే తీస్తున్నడు. గడ్డి గుంజంగనే రోలర్ తిరిగి చెయ్యి వట్టుకున్నది. జర ఎన్కకు తిప్పితె వస్తది. స్టార్ట్ చేస్తె గిది రాసి వస్తున్నది, సూడు."

సీటు ముందున్న తెర మీద ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. 'గుర్తింపు లేని భాగం అమర్చబడింది. మిషన్ లాక్ చేయబడింది. సర్వీసు కేంద్రాన్ని సంప్రదించండి.'

స్రవంతికి అర్థమైంది. కోత నడుమ ఒక సెన్సర్ పాడైతే, కంపెనీది వచ్చేదాకా ఆగలేక గేమ్యా బయట దొరికిన సెన్సర్ వేయించాడు. అది బాగానే పనిచేస్తోంది. కానీ అది తమది కాదని ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్ పసిగట్టి, అక్కడి నుంచే తాళం వేసింది. లోపల మనిషి చేయి ఉందని దానికి తెలియదు. తెలుసుకోవాలని దానికి ఎవరూ చెప్పలేదు.

ఆమె గబగబా లాప్‌టాప్ తీసి తీగ తగిలించింది. తాళం తీయమని అడిగింది. 'మీ అభ్యర్థన అందింది. పరిశీలనలో ఉంది.' కంపెనీకి ఫోన్ చేసింది. ఒక మెత్తటి గొంతు, ఆమె కాల్ తమకు ఎంతో ముఖ్యమని చెప్పి, పాట పెట్టింది. ఆ పాట ఆగడం లేదు.

పక్క మిరపచేలో కలుపు తీసే చోటు నుంచి పరుగెత్తుకొచ్చిన ముత్తమ్మ భర్త తలను తన కడుపుకు ఆనించుకుని కూర్చుంది. ఆమె ఎవర్నీ తిట్టలేదు. స్రవంతి ముఖంలోకే చూస్తోంది.

"నువ్వు కంపెనీ పిల్లవే గద," అంది. "తెరువు బిడ్డా."

"తాళం నీ చేతుల్నే ఉండంగ తెరవవేందే?" అన్నాడు గేమ్యా కూడా.

"నా దగ్గర తాళంచెవి లేదు మామా. అడిగే నోరొక్కటే ఉన్నది. చెవి వాళ్ల దగ్గరుంటది. యాడుంటరో నాకు గూడ తెల్వదు."

చివరికి రోడ్డు మీది వెల్డింగ్ షాపు నుంచి గ్యాస్ కట్టర్ తెచ్చారు. కొందరు పానాలతో బోల్టులు విప్పారు, కొందరు లింగయ్య భుజం మీద నీళ్లు పోస్తూ నిప్పురవ్వలకు తడిగోనె అడ్డం పట్టారు. రేకు కోసి, రోలర్‌ను చేతులతోనే వెనక్కి తిప్పి, ఆ చేతిని బయటికి తీశారు. అప్పటికది చేయిలా లేదు.

అంబులెన్సు కట్ట దాటి రోడ్డెక్కుతుండగా స్రవంతి లాప్‌టాప్ చిన్నగా మోగింది. 'మీ అభ్యర్థన ఆమోదించబడింది.' దాని కింద నక్షత్రాలు. మా సేవ మీకు ఎలా అనిపించిందో తెలపండి అని అడుగుతోంది.

*

నల్లగొండ దవాఖానలో లింగయ్య చేయి తీసేశారు.

మరునాడు షోరూంలో మేనేజర్ చిరంజీవి ఆమెను తన గదిలోకి పిలిచాడు. కోదాడ మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు.

"కూర్చో అమ్మా. డ్రైవరు బయటి సామాను బిగించాడు, దానివల్లే ప్రమాదం జరిగింది. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టెయ్. నీకూ గొడవ ఉండదు, నాకూ ఉండదు."

"సెన్సర్ తోని చెయ్యి వోలేదు సార్," అంది స్రవంతి.

"నాకు తెలీదనుకుంటున్నావా? కానీ పైవాళ్ల ముఖం నేను కూడా ఎప్పుడూ చూళ్లేదమ్మా. ఉత్తరువు స్క్రీన్ మీద వస్తుంది, అంతే. నా షాపుకి కూడా వాళ్ల దగ్గర ఒక తాళం ఉంది. ఒక్క నొక్కు నొక్కితే నేను రోడ్డు మీదే."

అతని నుదుటి మీద చెమట చూసి స్రవంతికి ఇంకా భయమేసింది. యజమాని ఎవరో తెలిస్తే కాళ్లైనా పట్టుకోవచ్చు, గల్లా అయినా పట్టుకోవచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. రేపు రాస్తానని చెప్పి బయటపడింది.

ఆ సాయంత్రమే డ్రైవర్లందరి ఫోన్లకు మెసేజ్ వచ్చింది. మీ భద్రత కోసం, అంటూ మొదలైంది. బయటి భాగాలు వేసిన మిషన్లన్నింటికీ వచ్చే సోమవారం నుంచి తాళం పడుతుందట. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా, సూర్యాపేట చుట్టూ, వరి కోతకొచ్చి నిలబడి ఉంది. బయటి సామాను వేయని మిషన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. వాన వస్తుందని రేడియోలో రోజూ చెబుతున్నారు.

స్రవంతి ఆ కాగితం రాయలేదు. బస్సెక్కి సూర్యాపేట వెళ్లింది.

అక్కడ కాలేజీ వెనక గదిలో కల్పన ఉంటుంది. ఇద్దరూ కలిసి చదువుకున్నారు. కల్పన ఉద్యోగానికి పోకుండా విద్యార్థి సంఘంలో ఉండిపోయింది, పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతుంది. స్రవంతి చెప్పిందంతా విని, తన కంప్యూటర్ మూసి పక్కన పెట్టింది.

"నీకో సంగతి చెప్తా," అంది. "ఆ తెర వెనక నడిచే ప్రోగ్రాముల ముప్పావు వంతు కంపెనీ రాసింది కాదు. దేశదేశాల ఎవరెవరో రాసి, అందరూ వాడుకోండ్రి, మార్చుకోండ్రి అని వదిలేసిండ్రు. కంపెనీ అది తీస్కొని, మీద ఒక రేకు కప్పి, రేకుకు తాళమేసింది. అందరు కట్టిన ఇంటికి వీళ్లు దర్వాజ పెట్టుకొని కాపలా ఉంటున్నరు."

"గదంతా నాకెందుకే? తాళం తీయొచ్చా లేదా?"

"తీయొచ్చు. నీకు భయమైతలేదా?"

"అయితున్నది," అంది స్రవంతి. "కంపెనీ లాప్‌టాప్‌ల నుంచి ఒక్క ముక్క తేను. దొంగతనం చేసిందన్న మాట నేను పడను."

తేవలసిన పని కూడా లేదు. గేమ్యా మిషన్ గేమ్యాదే, కోసిన రేకు అప్పటికే అతికించి బాగుచేయించాడు. దాని తీగకు ఒక చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించి, రోలర్ తిరిగినప్పుడు లోపల ఏ సంకేతం పోతోంది, ఆగినప్పుడు ఏది పోతోంది అని విన్నారు. విన్నదాన్ని బట్టి తమ ప్రోగ్రామ్ తాము మొదటి నుంచీ రాశారు. కల్పన దగ్గర నేర్చుకునే సతీష్, అందరికీ తెలిసిన భాష అని, పైథాన్‌లో రాద్దామని పట్టుబట్టాడు.

"గంత చిన్న బోర్డు అది మొయ్యది," అంది స్రవంతి. "సి లోనే రాయాలె."

"సి లో రాస్తె ఎవడు సదువుతడక్కా? మా క్లాసుల సగం మందికి సూస్తెనే జ్వరమొస్తది. మనకు మాత్రమే అర్థమయ్యేటట్టు రాస్తె మనం గూడ ఇంకో కంపెనీయే గద."

గంటసేపు వాదులాడుకున్నాక కల్పనే ఒక దారి చెప్పింది. సి లోనే రాద్దాం, ప్రతి వరుస పైనా అది ఏం చేస్తుందో తెలుగులో రాద్దాం. ముందు మనిషి క్షేమం, ఆ తర్వాతే తాళం. ఆ వరసలోనే ప్రోగ్రామ్ నడవాలని ముగ్గురూ ఒప్పుకున్నారు.

తండాకు వెళ్లినప్పుడు సంగతి విని తల్లి నీలా పొయ్యి ముందు నుంచి లేవలేదు. తమ లంబాడీ భాషలో, వినిపించీ వినిపించనట్టు అంది. "గేమ్యా మగోడు, వాన్ని కొడతరు, వదిలేస్తరు. నిన్ను తీస్కపోతె ఏం జేస్తరో నాకు తెల్వదు బిడ్డా." స్రవంతికీ అదే భయం.

*

ఆదివారం కోదాడలో మోటారు కార్మికుల హాలు నిండిపోయింది. మిషన్ డ్రైవర్లు, మిషన్ ఓనర్లు, రైతులు, సూర్యాపేట నుంచి వచ్చిన విద్యార్థులు. తలుపు బయట పోలీసు జీపు ఒకటి ఆగి ఉంది, అందులోంచి ఎవరూ దిగడం లేదు. స్రవంతి ముఖానికి చున్నీ చుట్టుకుని వెనక వరసలో కూర్చుంది. తన పేరు ఎవరూ ఎత్తవద్దని కల్పనతో ముందే మాట తీసుకుంది.

కల్పన బోర్డు చేతిలో పట్టుకుని, అది ఏం చేస్తుందో చెప్పింది. ముందుగా లేచింది శ్రీను. కోదాడలో మిషన్ ఓనరు.

"అంతా బానే ఉందమ్మా. మిషను నాది. ఇది పెట్టానని తెలిస్తే వారంటీ పోద్ది. రేపు మిషను మొత్తానికే ఆపేస్తే మీరొచ్చి కోస్తారా?"

"ఎట్లయిన సోమవారం ఆపుతనని కంపెనోడే చెప్పిండు గదనే," అన్నాడు గేమ్యా. "ఆగిన మిషన్‌కు వారంటీ పెట్టుకొని పూజ జేస్తవా?"

నవ్వులు. వెంటనే ఆగిపోయాయి. జీపు తలుపు చప్పుడైందని కొందరు వెనక్కి తిరిగి చూశారు.

"ఇది రాసినోళ్లు రేపు కిరాయి అడగరని ఏం నమ్మకం?" అని ఇంకొకతను అడిగాడు.

"అడగలేం," అంది కల్పన. "ఇది రాసిందంతా బయటనే ఉన్నది. ఎవరన్న సదవొచ్చు, మార్చుకోవచ్చు, పక్కోనికి ఇయ్యొచ్చు. రేపు నాకే ఆశ పుట్టి మూసేస్తనన్నా, మీ దగ్గరున్నది మూతవడది."

"మరి కంపెనీ గూడ తీస్కోవచ్చా?"

"తీస్కోవచ్చు. కానీ తీస్కొని తాళమేసెతందుకు లేదు. తీసుకున్నోడు మార్చింది గూడ అందరికి సూపాలె. గదే షరతు."

గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు ముందు వరసలోంచి కొమురయ్య లేచాడు. గొర్లు కాసి, కాలువ కింద వరి వేసుకునే ముసలి రైతు. లింగయ్యకు పెదనాన్న. అతను లేవగానే హాలు సద్దుమణిగింది.

"నాకు సదువు రాదు," అన్నాడు. "ఒక్కటి అడుగుత. గీ పిల్లలు రాసింది తప్పయి, ఇంకొకని చెయ్యి వోతె నేనెవర్ని అడగాలె? కంపెనీని అడుగుదమంటె దానికి మొకం లేదు. మీకున్నదా?"

కల్పన చూపు వెనక వరస వైపు పోబోయి, మాట గుర్తొచ్చి, నేలకు దిగింది. ఆ చూపు ఎందుకు ఆగిందో స్రవంతికి తెలుసు. లేవకపోతే ఏమీ కాదు. చున్నీ తీయకుండా బస్సెక్కి పోవచ్చు. కానీ ముఖం లేని వాళ్లు ఇప్పటికే ఒకరున్నారు.

ఆమె లేచి చున్నీ తీసింది.

"నన్నడుగుండ్రి తాతా. నా పేరు స్రవంతి. లింగయ్యన్న చెయ్యి ఇరికిన్నాడు లాప్‌టాప్ పట్టుకొని నిలవడ్డది నేనే. ఇది రాసిన ముగ్గుర్ల నేనొకదాన్ని. కంపెనీల పనిచేస్తున్న. ఇయ్యాల్టి దాక చేస్తున్న."

తలలన్నీ తిరిగాయి. కిటికీ అవతల ఎవరో ఫోన్ పైకెత్తి ఆమెను ఫొటో తీశారు. ఆమె అది చూసింది. చూసి కూడా ఆగలేదు.

"నన్ను నమ్మమని చెప్త లేను. నాకు తప్పులు రావా? వస్తయి. కానీ దాచిపెట్టిన దాంట్ల తప్పుంటె ఎవనికి దొరుకుతది? చేతులు వోయినంక దొరుకుతది. ఇది బయట పెట్టినం. సదివెటోళ్లు సదువుండ్రి. తప్పుంటె నా మొకం మీద చెప్పుండ్రి."

కొమురయ్య ఆమె ముఖం వైపు చూశాడు. "మొకమైతె ఉన్నది," అని కూర్చున్నాడు.

అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ శ్రీను ముందుకొచ్చి బోర్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని వెనక ఇంకొకడు వచ్చాడు. ఆ వెనక వరస కట్టారు.

*

సోమవారం పొద్దున్నే మిషన్లు ఆగాయి. మేళ్లచెరువు వైపు ఒకటి, వాడపల్లి దగ్గర ఒకటి, ఎక్కడివక్కడ మడుల్లో ఎర్ర తెరలతో నిలబడిపోయాయి. డ్రైవర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. సతీష్, వాళ్ల క్లాసు పిల్లలు బైకుల మీద ఊరూరికీ బోర్డులు పట్టుకుని పోయారు.

గేమ్యా మిషన్‌కు స్రవంతే తగిలించింది. మిషన్ చుట్టూ ఎవరూ లేకుండా అందరినీ గట్టు ఎక్కించింది. గేమ్యా మీట నొక్కాడు. వాళ్లు రాసిన వరసలోనే, ఎవరైనా ఇరుక్కుని ఉంటే ముందు వదిలేలా, రోలర్ కొంచెం వెనక్కి తిరిగి ఆగింది. తెర మీది ఎరుపు ఆరింది. ఇంజన్ చప్పుడు మారింది. మిషన్ వరిలోకి కదిలింది.

గట్టు మీద, ఆ పొద్దున దవాఖాన నుంచి ఊరికొచ్చిన ముత్తమ్మ పమిట నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. స్రవంతి ఆమె పక్కకు పోయి నిలబడింది.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. ఎస్సై దిగి, ఫోన్‌లో ఫొటో చూసి, ఆమె ముఖం చూశాడు.

"కంప్యూటర్ నేరం కింద కేసయింది. ఎక్కు."

గేమ్యా మిషన్ ఆపి సీటు మీద నుంచి దూకాడు. కూలీలు కొడవళ్లు పట్టుకునే గట్టు మీదికి వచ్చేశారు. తల్లి అన్న మాటే స్రవంతి తలలో తిరుగుతోంది. అయినా చేయి అడ్డం పెట్టింది.

"వద్దు మామా. మిషన్ ఆపకు. వాన వస్తది."

*

మిర్యాలగూడ స్టేషన్‌లో ఆమెను ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ వకీలు, అతని వెనక గోడకు ఆనుకుని చిరంజీవి. చిరంజీవి ఆమె వైపు చూడడం లేదు.

"మీరు చదువుకున్నవారు," అన్నాడు వకీలు. "మా రహస్యాన్ని బజారులో పెట్టారు. అది ఎక్కడెక్కడ ఉందో చెప్పి తీసేయించండి. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు."

ఇల్లు అన్న మాట వినగానే ఆమెకు కన్నీళ్లు వచ్చాయి. వెళ్లాలని ఉంది. ఆ గది నుంచి, ఆ బల్ల నుంచి, తన ఒంటి వైపు చూస్తున్న ఆ కానిస్టేబుల్ చూపు నుంచి పారిపోవాలని ఉంది.

"నేను తీస్తె నా దగ్గరిదే పోతది సార్," అంది. "మిగతాది నా చేతుల లేదు."

"ఎవరి చేతుల్లో ఉంది?"

జవాబు బయటి నుంచి వచ్చింది. ముందు బండ్ల చప్పుడు, తర్వాత మనుషుల అలికిడి. ఎస్సై కిటికీ దగ్గరికి పోయాడు. రోడ్డు నిండా డ్రైవర్లు, కూలీలు, కాలేజీ పిల్లలు. నినాదాలు లేవు. స్టేషన్ గేటు ముందు నిలబడి కల్పన చేతిలో కాగితాలు పట్టుకుని చదువుతోంది. వాళ్లు రహస్యమంటున్న ప్రోగ్రామ్‌ను, మొదటి వరుస నుంచి, గొంతెత్తి. ఒక్కో వరుస చదివి, దాని పైన తెలుగులో రాసిన మాట చదువుతోంది. జనం ఆ మాట తిరిగి చెబుతున్నారు.

"ఆపించండి," అన్నాడు వకీలు. "అది చదవడం కూడా నేరమే."

పోలీసులు పోయి కల్పనను వ్యానులోకి ఎక్కించారు. సతీష్ అందుకున్నాడు. అతన్నీ ఎక్కించారు. మడి కోత ముగించి వచ్చిన గేమ్యా కాగితం లాక్కుని, ఇంగ్లీషు ముక్కలు నోటికి వచ్చినట్టు పలుకుతూ చదివాడు. అతన్ని ఎక్కించేటప్పుడు లాఠీ తగిలిన చప్పుడు లోపలికి వినిపించింది. స్రవంతి కళ్లు గట్టిగా మూసుకుంది.

తర్వాత కొత్త గొంతు వినిపించింది. నీరసంగా, ఊపిరి తీసుకుంటూ. లింగయ్య. దవాఖాన నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. ఎడమచేత్తో కాగితం పట్టుకుని, బడిలో పిల్లవాడిలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు. ముత్తమ్మ పక్కన నిలబడి అతన్ని పట్టుకుంది.

పోలీసులెవరూ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత ఒకడు ముందుకొచ్చి కాగితం లాగేశాడు. లింగయ్య ఖాళీ చేయి అలాగే గాలిలో ఉండిపోయింది. ఉన్న కాగితాలన్నీ పోయాయి, తర్వాతి వరుస అతనికి నోటికి రాదు. ఎవరికీ రాదు. రోడ్డంతా నిశ్శబ్దమైంది.

వకీలు ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు స్రవంతి విన్నది.

ఆ వరుస ఆమెకు తెలుసు. రాసిందే ఆమె. బల్ల పట్టుకుని లేచి నిలబడింది. కిటికీ వైపు తిరిగి, గుర్తున్నదాన్ని చదవడం మొదలుపెట్టింది.

"కూర్చో," అన్నాడు ఎస్సై. "నోరు మూసుకుని కూర్చో. నీకే మంచిది కాదు."

కానిస్టేబుల్ ఆమె భుజం పట్టుకున్నాడు. చిరంజీవి గోడ నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు, ఎందుకో అతనికే తెలిసినట్టు లేదు. స్రవంతి ఇంకా గట్టిగా, వరుస పైన రాసిన తెలుగు మాట చెప్పింది.

"లోపల మనిషి ఉన్నడా? ముందు అది సూడాలె."

ముందు గేటు అవతల ముత్తమ్మ గొంతు, ఆ వెనక వ్యానులోంచి గేమ్యా గొంతు, ఆ వెనక రోడ్డు మొత్తం ఒక్కటే మాట పలికింది.

"ఉన్నం."